బూడిద వంశం వారి పెళ్లి కట్టుబాటు

నోయిడాలో ఒక గేమ్ కంపెనీలో నేను చేసే పని డ్రాగన్లకు కట్టుబాట్లు రాయడం. బంధువులకు ఈ మాట చెబితే మొదట నవ్వుతారు, తర్వాత నిజంగా అదే ఉద్యోగమా అని అడుగుతారు. నిజంగా అదే. డ్రాగన్ రెక్క ఎలా ఉండాలో బొమ్మలు గీసేవాళ్లు చూసుకుంటారు. ఏ వంశం వాళ్లు పిల్లకు పేరు ఎప్పుడు పెడతారు, చనిపోయినవాళ్లను ఎక్కడ వదులుతారు, దొంగతనానికి ఏ శిక్ష వేస్తారు, ఇవన్నీ నేను చూసుకుంటాను.

చేరిన కొత్తలో ఢిల్లీ సరోజినీ నగర్‌లో అక్కావాళ్ల గవర్నమెంటు క్వార్టర్‌లో ఉండేదాన్ని. బావ సెక్షన్ ఆఫీసరు. వాళ్లకు ఒక్కతే కూతురు, అప్పటికి ఎనిమిదో క్లాసు. మా కాకినాడ మాటలు దానికి బాగానే అర్థమయ్యేవి గాని, జవాబు మాత్రం సగం హిందీలో వచ్చేది. నేను రాసిన ప్రతి చట్టానికీ మొదటి జడ్జీ అదే.

కొండ వంశంలో పిల్ల మొదటిసారి నిప్పు ఊదేదాకా పేరు పెట్టరని రాశాను.

"మరి అప్పటిదాకా ఏమని పిలుస్తారు పిన్నీ?"

"పిలవరు. రెక్కతో తడతారు."

కాస్త ఆలోచించి, "ఠీక్ హై, పాస్" అంది.

నది వంశంలో దొంగకు శిక్ష చలికాలమంతా మంటకు దూరంగా కూర్చోవడం అని రాస్తే మాత్రం ఊరుకోలేదు. "డ్రాగన్‌కి చలేంటి? అందర్ హీ తో ఆగ్ హై!" అని కొట్టిపారేసింది. నిజమే, కడుపులో నిప్పున్నవాడికి చలేమిటి? ఆ రోజంతా బుర్ర బద్దలుకొట్టుకుని, ఆ దొంగ చెప్పే మాట ఏడాదిపాటు ఎవరూ వినకూడదని మార్చాను. అది విని పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. "యే జ్యాదా హో గయా" అంది, మరీ ఎక్కువైందని. అంటే పాస్ అయినట్టే.

ఒకసారి ఇద్దరం మార్కెట్లో దానికి స్వెటర్ కొని వస్తుంటే, డ్రాగన్లు పెళ్లెలా చేసుకుంటాయని అడిగింది. నేను నడుస్తూనే అల్లేశాను. బూడిద వంశం వాళ్లు వందల ఏళ్లు బతుకుతారు. వాళ్లు ఆడిన అబద్ధం కూడా అన్నేళ్లూ బతుకుతుంది. అందుకని జోడీ కట్టే ముందు ఇద్దరూ వంశమంతా చూస్తుండగా కొండ కొమ్మున నిలబడి, అప్పటిదాకా దాచిన ఒక్క సంగతి బయటపెట్టాలి. విన్నవాళ్లకు ఎగిరి వెళ్లిపోయే హక్కు ఉంది. వెళ్లేవాళ్లను ఆపకూడదు, ఎందుకని అడగకూడదు. చెప్పేవాళ్లకు అడ్డు పడకూడదు, చెప్పాక ఎగతాళి చేయకూడదు.

పిల్ల రోడ్డు మీదే ఆగిపోయింది. "పిన్నీ, నువ్వు రాసినవాటిలో ఇదే బెస్ట్" అంది.

కంపెనీలో ఆ పెళ్లి కట్టుబాటును తీసేశారు. ఆడేవాళ్లకు అంతసేపు మాటలు వినే ఓపిక ఉండదన్నారు. నేను కూడా మర్చిపోయాను. నోయిడాలో సొంతంగా గది తీసుకుని వెళ్లిపోయాను. పిల్ల స్కూలు, కాలేజీ ముగించి గురుగ్రామ్‌లో ఉద్యోగంలో చేరింది. పోయిన సంవత్సరం సంబంధం కుదిరింది. అబ్బాయి కూడా గురుగ్రామ్‌లోనే సాఫ్ట్‌వేర్. వాళ్లమ్మానాన్నలు ఏలూరులో ఉంటారు. తండ్రి రిటైరైన లెక్చరర్. తల్లి అందరి మాటలకూ నవ్వుతూ తలూపే చిన్న మనిషి. పిల్లలిద్దరూ నాలుగైదుసార్లు కలుసుకుని మాట్లాడుకున్నారు. ఇద్దరికీ నచ్చింది.

క్వార్టర్ ముందు లాన్‌లో షామియానా వేసి నిశ్చితార్థం పెట్టుకున్నారు. కాలనీలో తెలుగువాళ్లందరూ వచ్చారు. పంతులుగారు లగ్నపత్రిక చదవబోతుంటే పిల్ల లేచి నిలబడింది.

"ఒక్క నిమిషం పంతులుగారూ. మేమిద్దరం ఒకటి అనుకున్నాం. మా పిన్ని రాసిన ఒక పద్ధతి ఉంది. తాంబూలాలకు ముందు ఇద్దరం చెరొక నిజం చెప్పాలి. ఇన్నాళ్లూ దాచింది."

అది పూర్తిగా తెలుగులో మాట్లాడటం విని ముందు అందుకే ఆశ్చర్యపోయాను. అబ్బాయి నవ్వుతూ తలూపాడు. చుట్టాలు ఫోన్లు పైకెత్తారు. బిందెలో ఉంగరం తీయించే ఆటలాగా ఇదేదో కొత్త వేడుక అనుకున్నారు. "కానీయండమ్మా, కానీయండి" అన్నాడు బావ హుషారుగా. నేను రాసింది అన్నందుకు పక్కనున్నావిడ నా భుజం తట్టింది. నేనూ మురిసిపోతున్నాను.

"నాకు ఫిట్స్ ఉన్నాయి" అంది పిల్ల.

ఫోన్లు అలాగే పైకి ఉండిపోయాయి.

"పన్నెండో క్లాసులో మొదలయ్యాయి. రోజూ మందు వేసుకుంటాను. కొన్నేళ్లుగా రాలేదు. ఇక రావని డాక్టర్ మాత్రం చెప్పలేదు. పెళ్లయ్యేదాకా మీకు చెప్పొద్దని ఇంట్లో అనుకున్నారు. నేను అలా ఉండలేను."

పన్నెండో క్లాసు నుంచా? వారంవారం ఆ ఇంటికి వస్తూనే ఉన్నాను. దానితో కలిసి తిన్నాను, సినిమాలకు వెళ్లాను. ఎవరూ నాతో ఒక్క మాట అనలేదు. అక్క వైపు చూశాను. తాంబూలం పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది, కళ్లు ఎత్తలేదు.

"ఏం వాగుతున్నావే!" అని బావ లేచాడు.

"డాడీ, ప్లీజ్. చెప్పేటప్పుడు ఎవరూ అడ్డు రాకూడదు."

అందరూ అబ్బాయి వైపు తిరిగారు. అతని మొహంలో ఇంకా సగం నవ్వు ఉండిపోయింది. "నేను... గురక పెడతానని చెబుదామని వచ్చాను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "నాకు తెలీదు, ఇలాంటిదని. నాకు కొంచెం టైమ్ కావాలి."

"వెళ్లొచ్చు. ఎవరూ ఏమీ అడగరు" అంది పిల్ల.

అతను వెళ్లిపోయాడు. గేటు బయట కారు స్టార్టయిన చప్పుడు అందరికీ వినిపించింది. ఎగిరి వెళ్లిపోవడం అని నేను ఎంత అందంగా రాసుకున్నానో! మిగిలిపోయిన మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు అంచు పట్టుకుని నిలబడుతుందని రాయలేదు.

అబ్బాయి తండ్రి గొంతు పెంచాడు. "ఇదేం మర్యాదండీ? ఇంత రోగం దాచిపెట్టి పీటల దాకా తెచ్చారా? పైగా నలుగురిలో ఈ నాటకం ఒకటా? ఎవరండీ ఈ పద్ధతి రాసింది?"

ఎవరో నన్ను చూపించారు. గేమ్ కోసం అండీ, డ్రాగన్లకండీ అని ఆయనకు ఏ మొహంతో చెప్పను?

అప్పుడు లేచింది ఆయన భార్య.

"ఆగండి. ఆ పిల్లని ఏవీ అనకండి. నేను వేసుకునేవీ అవేనండి."

"ఏవి?"

"మాత్రలు. తలనొప్పికని చెప్తాను కదా. తలనొప్పి కాదండి. పెళ్లి కాకముందు నుంచీ ఉంది. చెప్పొద్దని మా నాన్నగారు ఒట్టు వేయించుకున్నారు. మీరు కాలేజీకి వెళ్లాక వచ్చిపోయేది. వంటింట్లో చెయ్యి కాలింది చూడండి, అప్పుడు నూనె చిందలేదండి. పొయ్యి దగ్గర పడిపోయాను."

ఆవిడ ఏడవలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. ఆయన భార్య మొహం చూశాడు, ఆవిడ చెయ్యి చూశాడు. "ఇన్నేళ్లూ నా పక్కనే..." అని ఆగిపోయాడు. తర్వాత మెల్లగా నడిచి స్కూటర్లు పెట్టే చోటికి పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

పిల్ల వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. "ఆంటీ, మీరు ఏ మందు వాడుతున్నారు?" అని అడిగింది. ఇద్దరూ మందుల పేర్లు, నిద్ర మత్తు, జుట్టు రాలడం, ఇలా చీరల గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోసాగారు. అంతమందిలో నోరు విప్పి మాట్లాడుతున్నది వాళ్లిద్దరే.

చుట్టాలు వెళ్లాక అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "నీ డ్రాగన్లు నా కొంప ముంచాయే" అంది.

"నాకైనా ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎవరితోనైనా అంటావని."

ఆ రోజు విన్నవాటన్నిటిలో నాకు పెద్ద దెబ్బ అదే. బస్తాలు మోసినదానిలా మెట్రోలో కూలబడి నోయిడా చేరాను. తర్వాత చాలా వారాలు అక్క నా ఫోన్ తీయలేదు. ఆఫీసులో కొత్త చట్టం ఏదైనా రాయబోతే వేళ్లు కదిలేవి కావు.

ఒక మధ్యాహ్నం ఆ అబ్బాయి మా ఆఫీసుకు వచ్చాడు. కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డాం.

"ఒకటి అడగొచ్చా ఆంటీ? బూడిద వంశంలో ఎగిరి వెళ్లిపోయినవాడు తిరిగి రావచ్చా?"

ఇన్ని వంశాలకు ఇన్ని కట్టుబాట్లు రాశాను, ఆ ఒక్కటి నా బుర్రకు తట్టనే లేదు.

"అది రాయలేదు బాబూ."

"ఇప్పుడు రాయండి. మీ చేతిలో పనే కదా."

నిజానికి ఒక్క వాక్యం చాలు. కానీ లాన్‌లో చూసినదాని తర్వాత ఆ వాక్యం నా నోట రాలేదు. "నన్ను కాదు, దాన్ని అడుగు" అన్నాను.

వెళ్లి అడిగాడు. వాళ్లు ఒక్కటవుతారనే అనుకున్నాను, అక్కకు ఎలా చెప్పాలో కూడా మాటలు పేర్చుకున్నాను. పిల్ల ఫోన్ చేసి, "నో చెప్పాను పిన్నీ" అంది.

"అదేంటే! వచ్చి అడిగాడు కదా!"

"భయపడ్డందుకు కాదు. మొదట్లో నేనూ భయపడ్డాను, వో తో ఠీక్ హై. కానీ వాళ్లమ్మ లేచి చెప్పినప్పుడు అతను అక్కడ లేడు. తర్వాత కూడా ఆవిణ్ణి ఏమీ అడగలేదట. ఇన్నేళ్లూ ఎలా దాచావమ్మా అని ఒక్క మాట కూడా లేదు. నా దగ్గరికి వచ్చాడు గాని, ముందు ఆవిడ దగ్గరికి వెళ్లలేదు."

రోడ్డు మీద ఆగిపోయి "ఇదే బెస్ట్" అన్న పిల్లలో ఈ మనిషి ఎప్పుడు తయారైంది?

చలికాలంలో అక్క తనంతట తనే ఫోన్ చేసింది. "భోజనానికి రా. ఏలూరు వాళ్లు వచ్చారు" అంది. ఏ ఏలూరు వాళ్లు అని అడిగాను, నమ్మలేక. ఆ భార్యాభర్తలే. పిల్ల తన డాక్టర్ దగ్గర ఆవిడకు అపాయింట్‌మెంట్ తీసుకుందట. ఉండటానికి అక్క తన గదే ఇచ్చింది.

నేను వెళ్లేసరికి ముందు గదిలో దివాన్ మీద ఆవిడ పడుకుని ఉంది. ఫిట్స్ వచ్చాయేమో అనుకున్నాను. ఆవిడేమో నవ్వుతోంది. ఆయన తన శాలువా మడిచి ఆవిడ తల కింద పెడుతున్నాడు.

"నోట్లో ఏదైనా పెట్టాలామ్మా?" అని పిల్లను అడిగాడు.

"ఏమీ పెట్టకూడదు అంకుల్. గట్టిగా పట్టుకోకూడదు కూడా. ఆగాక ఇలా పక్కకి తిప్పండి."

ఆయన రెండు చేతులతో, పగిలే వస్తువును కదిపినట్టు, భార్యను పక్కకు తిప్పాడు.

"అంత మెల్లగా అయితే తెల్లారిపోతుందండీ" అంది ఆవిడ.

"మాట్లాడకు. నీకు స్పృహ లేదిప్పుడు" అన్నాడాయన, మళ్లీ మొదటినుంచి చేయడానికి శాలువా సర్దుతూ.