మూఢంలో పెళ్లి ఫ్రేము

మా ఇంటి ఓనరు మాస్టారు రిటైరయ్యాక రెండు అలవాట్లు చేసుకున్నారు. ఒకటి పరగడుపున కాకరకాయ రసం, రెండోది క్వీర్ సినిమా. మొదటిది ఆయనొక్కరే మింగారు. రెండోది మా అందరిచేతా మింగించారు.

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పిన మనిషి. ఏదో ఫిల్మ్ ఫెస్టివల్ అని హైదరాబాదు వెళ్లి, భుజాన గుడ్డసంచీ తగిలించుకుని తిరిగొచ్చారు. సంచీ నిండా పెన్‌డ్రైవులు, వాటి నిండా ఆడవాళ్లని ఆడవాళ్లు, మగవాళ్లని మగవాళ్లు ప్రేమించే సినిమాలు. అప్పట్నుంచీ జగ్గయ్యపేట బజార్లో ఆయన ఎదురైతే తెలిసినవాళ్లు పక్క సందులోకి తిరిగేవారు. మాకు ఆ వీలు లేదు. కింద ఆయన ఉండేది, మేడ మీద పోర్షన్లో మేం ఉండేది. మెట్లు ఒక్కటే.

మేమంటే ఇద్దరు ఆడవాళ్లం. నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆవిడ జగ్గయ్యపేటలోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. పెళ్లి కాని టీచర్లు, పాపం, అద్దె కలిసొస్తుందని ఒకచోట ఉంటున్నారు అని ఊరు తనంతట తానే తేల్చేసింది. ఆ 'పాపం' మాకు తాళం కప్పకన్నా గట్టి రక్షణ. నిజానికి మేం ఒకరినొకరం ప్రేమించుకుని కలిసి బతుకుతున్నవాళ్లం. ఇంట్లో కూడా ఆవిడ నన్ను 'టీచర్' అనే పిలుస్తుంది, బయట నోరు జారకుండా ఉండాలని.

అంతకుముందు రెండిళ్లు మారాం. ఒకచోట ఓనరమ్మ వారానికో సంబంధం తెచ్చేది. ఇంకోచోట ఓనరమ్మ గది చూడ్డానికొచ్చి, రెండో మంచం ఏదని అడిగింది. ఆ నెలాఖరుకే సామాను సర్దుకున్నాం. ఈ పోర్షను కూడా పోతే ఆవిడ పెనుగంచిప్రోలులో అన్నయ్య ఇంటికీ, నేను మా వాళ్ల దగ్గరికీ పోవడమే మిగులుతుందని ఆవిడ నమ్మకం. లెక్కల టీచరు కదా, ఏది తీసుకున్నా ముందు నష్టం వైపునుంచే మొదలుపెడుతుంది.

"అమ్మా, నువ్వు ఇంగ్లీషు కదా. ఈ సినిమా చూసి తెలుగులో ఓ పేజీ కథ రాసిపెట్టు. మనవాళ్లకి సబ్‌టైటిల్స్ అందట్లా," అంటూ మాస్టారు ఒకరోజు మెట్లెక్కి వచ్చి పెన్‌డ్రైవు చేతిలో పెట్టారు. ఆ సినిమాలో నల్లటి తెర మీద తెల్లటి గీతలు వచ్చి పోతుంటాయి, వెనకాల ఒక మగమనిషి ఊపిరి వినబడుతుంటుంది. గంటసేపు అంతే. కథ రాయమన్నారు కాబట్టి 'ఒకాయన ఊపిరి పీలుస్తాడు, వదులుతాడు' అని రాసిచ్చాను. మాస్టారు మురిసిపోయారు. ఇంత క్లుప్తంగా సారం పట్టినవాళ్లను చూడలేదన్నారు.

రెండో పెన్‌డ్రైవు నన్ను దెబ్బకొట్టింది. ఎక్కడో మంచు కురిసే ఊళ్లో ఒక లాండ్రీ. ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరూ ఆడవాళ్లే, దుప్పట్లు మడుస్తుంటారు. చెరో రెండు కొసలు పట్టుకుంటారు, దగ్గరికొస్తారు, కొసలు అందించుకుంటారు, వెనక్కి జరుగుతారు. మాటల్లేవు, పాటల్లేవు. చివర్లో ఒకామె రెండో ఆమె మెడ వెనకాల కాలరు సరిచేస్తుంది. నేను ఏడ్చాను. అప్పటిదాకా నేను చూసిన ప్రతి సినిమాలోనూ ఎవరి పెళ్లికో అక్షింతలు వేసి బయటికి వచ్చినదాన్ని. నాలాంటిదాన్ని తెర మీద చూడటం అదే మొదలు.

ఆవిడ నా పక్కనే కూర్చుని చూసింది. "ఆదివారం మనం డాబా మీద చేసేదే కదా టీచర్. దీనికి సినిమా ఎందుకు?" అంది. "ఆ కుడిచేతి పక్కావిడ కొసలు సరిగ్గా కలపట్లా," అని కూడా అంది.

నెలకో ఆదివారం నందిగామలో ఒక లాయరుగారి ఆఫీసు మేడ మీద సినిమా వేసి చర్చించేవాళ్లు. సభ్యులు లాయర్లు, లెక్చరర్లు, కవిత్వం రాసే పురుగుమందుల షాపాయన. అందరూ మగవాళ్లే. నేను ఒక్కతినే ఆడదాన్ని కాబట్టి టీ కప్పుల బాధ్యత సహజంగానే నాకు దక్కింది. ఊపిరి సినిమా అయ్యాక ఒక లాయరుగారు లేచి, ఈ ఊపిరి కుటుంబ వ్యవస్థ పునాదుల్ని కదిలిస్తోందన్నారు. ఆ వెంటనే వాచీ చూసుకుని, ఇంట్లో భోజనానికి ఎదురుచూస్తుంటారని వెళ్లిపోయారు. షాపాయన చేయెత్తి, స్పీకరు వైరు లూజుగా ఉందేమో చూశారా అని అడిగారు. ఆ రోజు చర్చలో అర్థమున్న మాట అదొక్కటే అనిపించింది నాకు.

చివర్లో మాస్టారు ముగించేవారు. "ఇట్లాంటి మనుషులు మన మధ్య ఉంటే గుండెలకు హత్తుకోవాలండీ. దురదృష్టం ఏంటంటే మన ప్రాంతంలో ఆ సంస్కృతి లేదు. మనకి కనపడరు." నిజంగానే కళ్లు తుడుచుకునేవారు. నేను సమోసాల ప్లేటు ఆయన ముందుకు జరిపేదాన్ని. మనం లేని లోటుకు మాస్టారు ఇవాళ కూడా బాధపడ్డారని ఇంటికెళ్లి చెబితే ఆవిడ పడీపడీ నవ్వేది.

నవ్వేది కానీ, రమ్మంటే వచ్చేది కాదు. "నేనొచ్చి నీ పక్కన కూర్చుంటే ఎవడో ఒకడు చూస్తాడు. నీకు సినిమా కావాలి, నాకు ఇల్లు కావాలి," అనేది. మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో ఒక్కటి కూడా ఫోన్లో ఉండనిచ్చేది కాదు. నాకేమో ఒక్కసారన్నా నలుగురిలో ఆవిడ పక్కన, ఆవిడ మనిషిగా కూర్చోవాలని ఉండేది. మా ఇంట్లో పోట్లాట అంటూ ఉంటే అదొక్కటే.

ఇంతలో లాయరుగారి ప్రొజెక్టరు కాలిపోయింది. అదే సమయానికి మూఢం వచ్చింది. మూఢంలో ముహూర్తాలుండవు కాబట్టి నందిగామ ఫంక్షన్ హాళ్లన్నీ ఈగలు తోలుకుంటూ కూర్చుంటాయి. మాస్టారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. దుప్పట్ల సినిమాని ఏసీ హాల్లో, పెళ్లిళ్లలో పెట్టే పెద్ద ఎల్ఈడీ స్క్రీను మీద వేద్దామన్నారు. స్క్రీను కోసం ఒక వీడియో స్టూడియో ఆయన్ని పిలిచారు. మూఢం పుణ్యమా అని ఆయనా ఖాళీగానే ఉన్నాడు.

"ఉత్త స్క్రీను ఇవ్వమండీ. కెమెరా, దాని బొమ్మని అప్పటికప్పుడు తెరకెక్కించే లైవ్ మిక్సింగు, స్క్రీను అన్నీ కలిపే మా ప్యాకేజీ," అన్నాడాయన.

"అట్టాగే కానివ్వవయ్యా, చర్చంతా రికార్డు చేయి," అన్నారు మాస్టారు.

భోజనాలు కూడా పెట్టిస్తున్నారని తెలిసి మాస్టారి భార్య, మేం ఆంటీ అంటాం, నేనూ వస్తానంది. మమ్మల్నిద్దర్నీ కార్లో ఎక్కించుకుపోతామని ఆంటీ పట్టుబట్టేసరికి ఆవిడ కాదనలేకపోయింది. "చివరి వరసలో కూర్చుంటా. నా చెయ్యి పట్టుకోకు," అని మెట్లు దిగుతూ నాకు వార్నింగిచ్చింది.

పెళ్లికి సరిపడా హాల్లో మేం ముప్పై మందిమి కూడా లేం. సభ్యులు భార్యల్ని తీసుకురాలేదు, సినిమా 'అట్టాంటిది' కదా. ఒక్కో మగాయన ఒక్కో వరసలో ఒంటరిగా, ఒక్కొక్కరూ ఒక్కో ద్వీపంలా కూర్చున్నారు. ఆంటీ వంటలవైపు వెళ్లింది. ఏసీ ఎముకలు కొరుకుతోంది. ఆవిడ సంచీలోంచి శాలువా తీసి, నేను వణకడం చూసి, సగం నా ఒళ్లో వేసింది. తెర మీద ముసలివాళ్లు మూడో దుప్పటి మడిచేసరికి ఆవిడ తల నా భుజం మీదికి వాలింది. వారమంతా పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి. లేపబుద్ధి కాలేదు.

వీడియో ఆయన కష్టాలు ఆయనవి. తన స్క్రీను మీద ఇంతసేపు ఒకే బొమ్మ ఎప్పుడూ చూసి ఉండడు. ముందు ఫైలు ఆగిపోయిందనుకున్నాడు. కాదని తెలిశాక జాలిపడి ముసలివాళ్ల మీద గులాబీ రేకులు రాల్చాడు. అప్పటికీ దుప్పటి మడవడం తెమలలేదు. పెళ్లిలో మంత్రాలు సాగినప్పుడు వాళ్లేం చేస్తారో అదే చేశాడు. కెమెరాని జనం మీదికి తిప్పాడు. జంట కోసం వెతికాడు. ఆ హాలు మొత్తానికి పక్కపక్కన కూర్చున్నది, ఒకే శాలువా కప్పుకున్నది, ఒకరి మీద ఒకరు వాలింది మేమిద్దరమే.

గోడంత తెర మీద మేం వచ్చాం. చుట్టూ పూలదండల ఫ్రేము, కింద రెండు హంసలు, పైన రాలుతున్న రేకులు. ఫ్రేముతోపాటు దానంతటదే వచ్చే సన్నాయి కూడా మోగింది. ఆ సన్నాయికి ఆవిడ మెలకువ వచ్చి తలెత్తి చూసింది. ఆవిడ దిగ్గున పక్కకు జరుగుతుందని, శాలువా లాక్కుని బయటికి పోతుందని, ఈ రాత్రే సామాను సర్దుతుందని అనుకున్నాను. ఆవిడ జరగలేదు. తెర మీది తనని అట్లాగే చూస్తూ కూర్చుంది.

అప్పుడు మాస్టారు మైకు అందుకున్నారు.

"చూశారా! ఇదీ ప్రయోగం! సినిమాని మధ్యలో ఆపి, మనలోంచి ఇద్దరు టీచరమ్మల్ని తీసుకుని, ఏ సంబంధమూ లేని ఇద్దర్ని జంటగా చూపించి, మన చూపునే ప్రశ్నించాడు ఈ వీడియో ఆయన. వీళ్లు నా మేడ మీదే ఉంటారు, ఆణిముత్యాల్లాంటి పిల్లలు. వీళ్లని అట్టా చూడగానే మనకి నవ్వొచ్చిందా లేదా? అదే అసలు పాయింటు!"

చప్పట్లు కొట్టారు. పొగడ్త తనకేనని వీడియో ఆయన చెయ్యూపాడు. మేం బతికిపోయాం. ఇన్ని సినిమాలు చూసిన మాస్టారు, గోడంత బొమ్మగా వేసి చూపించినా మమ్మల్ని చూడలేకపోయినందుకు బతికిపోయాం. నాకు ఊపిరి తిరిగి వచ్చింది, దాని వెనకే దుఃఖమూ వచ్చింది.

ఆవిడ లేచి నిలబడింది. క్లాసులో బోర్డు మీద తప్పు లెక్క కనబడితే వచ్చే గొంతు అది. మైకు అక్కర్లేదు దానికి.

"ప్రయోగం కాదు సార్. ఆయన సరిగ్గానే చూశాడు."

అంతే అంది. కూర్చుని, శాలువా మళ్లీ నా ఒళ్లో సర్ది, నా చెయ్యి పట్టుకుంది. మాస్టారు మైకుని ఒకసారి, మమ్మల్ని ఒకసారి చూశారు. క్వీర్ సినిమాలో మౌనం గురించి ఎన్నో ఆదివారాలు మాట్లాడిన మనిషి, ఆ రోజు దాన్ని ఆచరించి చూపించారు. షాపాయన దగ్గాడు. ఎవరో భోజనాలు చల్లారిపోతున్నాయన్నారు. కుటుంబ వ్యవస్థని కూల్చే లాయరుగారు అందరికన్నా ముందు లేచారు.

వెనక్కి కూడా అదే కారు. వచ్చేటప్పుడు చర్చించిన మాస్టారు, పోయేటప్పుడు స్టీరింగు పట్టుకుని రోడ్డునే చదువుతున్నారు. ముందు సిమెంటు లారీ, పక్కన ఆంటీ, వెనక మేం. ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. ఇప్పుడు ఖాళీ చేయమంటారా, రేపంటారా అని నేను కిలోమీటరు రాళ్లు చూస్తూ కూర్చున్నాను. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడు ఆంటీ వెనక్కి తిరిగింది.

"రేపు కరెంటు తీస్తారంట. మోటరు ఆరింటికే వేస్తా, మీ ఇద్దరి నీళ్లూ పట్టేసుకోండి," అంది.

ఆంటీకి అర్థమైందో, కాలేదో, అర్థమయ్యీ నీళ్లే ముఖ్యమనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. పొద్దున ఆరింటికి మోటరు మోగింది. మేమిద్దరం బిందెలు పట్టుకుని పంపు దగ్గర నిలబడ్డాం. ఆవిడ ఏడుస్తూ నీళ్లు పట్టింది.

మాస్టారు ఖాళీ చేయమనలేదు. ఆ మేరకు ఆయన చూసిన సినిమాలు పనిచేశాయి. కాకపోతే వారం తిరక్కుండా సినిమా సభ్యుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు: వచ్చే నెల నుంచి బాలల చిత్రాలు. కుటుంబ సమేతంగా రావలెను. మెట్లెక్కి రావడం మానేశారు, పెన్‌డ్రైవులూ ఆగిపోయాయి. మేం లేనన్నాళ్లూ మాకోసం కన్నీళ్లు పెట్టుకున్న మనిషికి, మేం ఉన్నామని తెలియగానే సబ్జెక్టు మీద ఆసక్తి పోయింది. నాకు కోపం వచ్చింది. ఇంకా ఉంది. గేటు దగ్గర ఎదురైతే 'ఏమ్మా, కులాసానా' అంటారు, ఇద్దర్నీ కలిపి చూడకుండా ఒకరి తర్వాత ఒకర్ని అడుగుతారు.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టి కూరగాయలు తరుగుతోంది. అవతల వీడియో ఆయన. ఎప్పుడు నంబరు సంపాదించిందో నాకు చెప్పలేదు.

"ఆ రోజు మా ఇద్దరి మీద వేశారు చూడండి, ఆ ముక్క ఉందాండీ?"

"ఎందుకు లేదు మేడం, మొత్తం రికార్డింగు ఉంది. పంపిస్తా. కాకపోతే ఆ ఫ్రేము పెళ్లిళ్లదండీ, ఫుల్లుగా తీస్తే పైన 'శుభవివాహం' అని పడుద్ది. ఆ అక్షరాలు తీసేయమంటారా?"

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. నావైపు చూసింది.

"ఉంచండి," అంది.