సీటు కింది స్విచ్

రోజూ బండి తుడిచే భార్యకు ఆ స్విచ్ సంగతి అతనెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళుగా ఎటు తిప్పి చూసినా జవాబు దొరకని ప్రశ్న ఇది. కావాలని దాచలేదు. చెప్పకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. చెప్పలేదు, అంతే.

అతను బండ్లకు కరెంటు పని చేసే మేస్త్రీ. వీధిలో అందరికీ జాగ్రత్త మేస్త్రీ. వీధి చివర రంగులూ టిన్నర్లూ నిలవ చేసే గోడౌన్ ఒకటి ఉండేది. అది ఏదో ఒకనాడు అంటుకుని తీరుతుందని అతని నమ్మకం. అందుకని తన పాత వ్యాన్ వెనక భాగాన్ని చిన్న కాపురంలా సర్దిపెట్టాడు. మంచినీళ్ళ డబ్బాలను కదలకుండా బెల్టుతో బిగించాడు. దుప్పట్ల మీద టార్చి, టార్చి పక్కన అద్దం పగలగొట్టే సుత్తి, ముక్కుకు కట్టుకునే మాస్కులు, మామగారి ఆయాసం మందులు. నీళ్ళు పాతబడితే మొక్కలకు పోసి కొత్తవి నింపేవాడు. బండి ముక్కు ఎప్పుడూ రోడ్డు వైపే.

మామగారు సినిమా హాల్లో టికెట్లు చింపే ఉద్యోగం చేసి మానేసి, కూతురి దగ్గరే ఉంటున్న మనిషి. నోరు ఊరుకునేది కాదు.

“మా అమ్మాయి కాపురానికొచ్చినప్పుడు కూడా ఇంత సామాను తేలేదు కదయ్యా అల్లుడూ,” అనేవాడు.

“నవ్వండి మామయ్యా. ఆ రోజొస్తే ముందు సీటు మీదే.”

ఇలాంటి రోజు కోసమే భార్యకు డ్రైవింగ్ నేర్పాడు కూడా. బడి మైదానం చుట్టూ తిప్పించి, వెనక్కి తీయడం దాకా వచ్చేవరకు వదల్లేదు.

అంతలో పక్క వీధిలో ఎవరిదో కారు పోయింది. దాంతో అతనికి ఇంకో బెంగ పట్టుకుంది. ఇంత సర్దిన బండిని ఎవడైనా ఎత్తుకుపోతే? ఇంజను రాకుండా ఆపే దొంగ స్విచ్‌లు ఊళ్ళో చాలామందికి అతనే బిగించాడు. తన బండికి మాత్రం ఇంకాస్త తెలివిగా చేశాడు. ఆపితే ఇంజనుకు స్పార్క్ వెళ్ళే తీగ ఒక్కటే తెగేలా కలిపి, స్విచ్‌ను డ్రైవర్ సీటు అంచు కింద, కవరు మడత చాటున పెట్టాడు. తాళం తిప్పితే లైట్లు వెలుగుతాయి. ఇంజను గరగరమంటుంది, ఇదిగో అందుకుంటోంది అన్నట్టే ఉంటుంది. అందుకోదు. స్విచ్ ఉందన్న అనుమానమే దొంగకు రాకూడదు. బండి పాడైందనుకుని, ఆశకొద్దీ తిప్పి తిప్పి, విసిగి పోవాలి. ఆ పని ముగించిన రోజు తనలో తనే నవ్వుకున్నాడు.

తర్వాత భార్య నడిపినప్పుడల్లా బండి బయటికి తీసి ఇచ్చేది అతనే. ఎక్కగానే చెయ్యి దానంతటదే సీటు కిందికి పోయేది. అది చెప్పాల్సిన విషయమని ఆ చేతికి ఎన్నడూ తోచలేదు.

గోడౌన్ అంటుకున్న మధ్యాహ్నం అతను స్కూటర్ మీద లారీల షెడ్డుకు వెళ్ళి ఉన్నాడు. భార్య చేసిన ఫోన్లు ఇంజను రొదలో వినబడలేదు. వీధిలో జనం ముక్కుకు గుడ్డలు అడ్డం పెట్టుకుని నడిచి పోతున్నారు. పక్కింటి టైలరమ్మ ఆగి పిలిచింది.

“మీ నాన్నని పట్టుకుని నడిచొచ్చెయ్యవే. మలుపు దాకానేగా.”

“ఆయాసం పిన్నీ ఆయనకి. బండి ఉందిగా, వెళ్ళు నువ్వు.”

తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. మాస్కు కట్టింది. మందు చేతికిచ్చింది. ఏది ఎక్కడుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. తాళం తిప్పింది. గరగరమంది.

“అందుకుంటోందే అమ్మాయ్,” అన్నాడు ముసలాయన. “ఇంకోసారి తిప్పు.”

ఇంకోసారి తిప్పింది. పొగ వీధిని కమ్మేదాకా తిప్పుతూనే ఉంది.

ఫైరింజను వాళ్ళు ఇద్దరినీ బయటికి మోసుకొచ్చారు. ఆమె బతికింది. మామగారు ఆస్పత్రి చేరేలోపే పోయారు.

వ్యాన్‌కు ఏమీ కాలేదు. దినాలయ్యాక దాన్ని పక్కకు తీద్దామని ఎక్కాడు. చెయ్యి అలవాటుగా సీటు కిందికి పోయింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. తలెత్తితే భార్య గేటు దగ్గర నిలబడి అతని చేతివైపే చూస్తోంది. చేతిలోని బకెట్‌తో లోపలికి వెళ్ళిపోయింది.

చుట్టాలు మాత్రం సమయానికి మొరాయించిందని పాత బండినే తిట్టిపోశారు. అతను అవుననలేదు, కాదనలేదు. ఆ ఇంట్లో కావలసిన మాటలు మాత్రమే మిగిలాయి. గ్యాస్ అయిపోయింది, కుళాయి కారుతోంది, అన్నం పెట్టనా. అతను ఎప్పటిలాగే డబ్బాల్లో నీళ్ళు మార్చాడు. మామగారి మందుల మీద తేదీ దాటబోతే వాటినీ మార్చాడు. కొత్త పెట్టె బెల్టు కింద సర్దేశాక ఎవరి కోసం కొన్నాడో గుర్తొచ్చింది. తీసెయ్యలేదు.

వానలు వెలిశాక ఒకరోజు ఆమె వచ్చి వ్యాన్ పక్కన నిలబడింది.

“ఎక్కడుందది?”

చూపించాడు. ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుని చెయ్యి కిందికి చాపింది. వెతుక్కోవలసిన పని లేకుండానే అందింది. నొక్కి తాళం తిప్పింది. ఇంజను ఆడుతుండగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని, ఆపేసింది.

“నేనెవరికి చెబుతాననుకున్నారు?”

గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. అతను వెతికాడు. ఎవరికీ చెప్పదని అతనికి తెలుసు. అంతకుమించి లోపల ఏమీ దొరకలేదు. ఆమె దిగి, పొయ్యి మీద ఏదో ఉందంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అతను స్విచ్ ఊడబీకాడు. తీగలు రెండూ నేరుగా కలిపి టేపు చుట్టాడు. ఒకసారి స్టార్ట్ చేసి చూసి, బండి ముక్కు రోడ్డు వైపు తిప్పి పెట్టాడు. లోపలికొచ్చి తాళంచెవి మేకుకు తగిలించాడు, స్కూటర్‌ది కూడా. పెరట్లో ఆమె బట్టలు దులిపి ఆరేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పనిముట్ల సంచిలో రెండు జతల బట్టలు కుక్కి, భుజాన వేసుకుని వాకిట్లో చెప్పులు తొడుక్కున్నాడు.

బట్టలు దులుపుతున్న చప్పుడు ఆగింది. వెళ్ళొస్తానని అతను అనలేదు. గేటు వేసి, టైలరమ్మ ఇంటి ముందు నుంచి మలుపు దాకా నడిచి వెళ్ళిపోయాడు.