ఠాకురాణి పుట్టిల్లు

మమ్మల్ని మద్రాసు నుంచి విడదీసి కొత్త ఒరిస్సాలో కలిపాక బరంపురంలో అందరికీ ఒక్కటే పని: ఏది ఒడియావాళ్ళదో, ఏది తెలుగువాళ్ళదో తేల్చడం. బడి ఎవరిది, బోర్డు మీద అక్షరాలు ఎవరివి? చివరికి మా ఊరి అమ్మవారు ఠాకురాణి దాకా వచ్చారు.

కొత్త రాష్ట్రపు పండుగల మీద పుస్తకం వేస్తారట. వివరాలు సరిచూసుకోవడానికి కటకం ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి మా నేతగాళ్ళ వీధికి వచ్చాడు. కాలేజీలో చదివిన ఆడదాన్నని నా దగ్గరికి పంపారు. నాకు నోరు కూడా ఉందని చెప్పలేదు కాబోలు.

రాసుకొచ్చింది ఒడియాలో చదివాడు. ఠాకురాణి జాతర ఒడియా జాతి వైభవమట. ఘటాలున్నాయి, పులివేషాలున్నాయి. మా వీధి లేదు.

"జాతరకి అమ్మవారు గుడి విడిచి వచ్చి దిగేదెక్కడ?" అన్నాను, ఒడియాలోనే.

"ఈ వీధిలోనే. కానీ మీరు తెలుగువాళ్ళు కదా. రాష్ట్రం పుస్తకంలో అది రాస్తే తికమక."

"ఆవిడకి లేని తికమక మీకెందుకండీ?"

గుమ్మంలోంచి మా మేనత్త అందుకుంది. "ఏటే, మనమ్మ పుట్టింటికి రాదంతన్నాడేటి? కూతురొచ్చిందని కాళ్ళు కడిగినోలం! తెలుగోల అమ్మోరని రాయమను!"

నాకూ ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అదీ అబద్ధమే. జాతరలో మా వీధిలో మొక్కేవాళ్ళలో ఒడియావాళ్ళే ఎక్కువ.

"మీ చెల్లెలి గురించి రాస్తూ అత్తవారి పేరు రాసి పుట్టిల్లు కొట్టేస్తే ఊరుకుంటారా?" అన్నాను అతనితో. " ఊరంతా ఆవిడకి అత్తవారే, కాదనను. పుట్టిల్లు మాత్రం ఇదే. పుట్టింటికి మీ భాషలో మాట ఉంది కదా, బాపొఘరొ. రాయండి."

రాశాడు: నేతగాళ్ళ వీధి ఠాకురాణి బాపొఘరొ. వీధి పేరుకి ముందు 'తెలుగు' చేర్చేదాకా కాగితం వదల్లేదు నేను.

"అయితే ఈ బాబు అత్తోరి తరపా?" అంది మేనత్త. "మరి ఒట్టి సేతుల్తో ఒచ్చాడేటే?"

నేను ఒడియాలోకి మార్చేలోపే అతను ఫక్కున నవ్వాడు.

"మాది ఈ పక్కనున్న అస్కాయే, అత్తా," అన్నాడు తెలుగులో. "కటకపోడ్ని కాను. సీర తెమ్మంటే ఒచ్చే జాతరకి తెస్తాను."

"ఓరి, ఇంతసేపూ దాసినావురా!"

పుస్తకం అచ్చయి వచ్చింది. ఒడియా అక్షరాల్లో, తెలుగు నేతగాళ్ళ వీధి, చెక్కుచెదరకుండా. తరవాతి జాతరకి అమ్మవారు మా వీధిలో దిగగానే మేనత్త ఆ పుట తెరిచి ముందు పెట్టింది.

"సూసుకో తల్లీ, నీ పుట్టిల్లు అచ్చేసినారు. ఇంక దారి తప్పినానంటే ఒప్పుకోను."