మావాడిదేముంది!

మనురేవాలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లున్నారంటే మా తెనాలిలో ఎవరూ నమ్మరు. రగ్బీ దేశంలో ఆ ఆటేంటని ఇక్కడి కివీలే నవ్వుతారు. రగ్బీవాళ్లు ఖాళీ చేశాక అదే గ్రౌండ్‌లో గీతలు మళ్లీ గీసుకుని ఆడుకునే చిన్న క్లబ్బు అది. 2016లో ఆ క్లబ్బుకి స్కోరు రాసింది రత్నరాజు అన్న. వీడియో తీసింది నేను. ఆయన చేసిన తప్పు చెప్పబోతున్నాను కాబట్టి, అందులో నాకూ వాటా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

అన్నది రేపల్లె. కుర్రతనంలో అక్కడ క్రికెట్ మ్యాచ్‌లకి స్కోరు రాసిన చెయ్యి. ఇక్కడ రెస్ట్‌హోంలో ముసలివాళ్లకి స్నానాలు చేయించి, తినిపించి, పడుకోబెట్టే ఉద్యోగం. మేరమ్మ వదిన నర్సు. వాళ్లబ్బాయి ఈతన్‌కి అప్పుడు పదిహేడేళ్లు. కొడుకు జట్టులో చేరాడని, ఆటేంటో తెలియకపోయినా అన్న ఒక పుస్తకం, పెన్ను పట్టుకుని వచ్చేశాడు. రెండు నెలలు తిరిగేసరికి కోచ్ చేసే తప్పులు కూడా నా చెవిలో చెప్పేవాడు.

ఈతన్ రిసీవరు. అంటే ప్రాణం పెట్టి పరిగెత్తి, ఎక్కడో దూరం నుంచి విసిరిన బంతిని, మీద ఇద్దరు వచ్చి పడుతున్నా వదలకుండా పట్టుకోవాలి. పట్టిన ప్రతి బంతికీ అన్న పుస్తకంలో ఒక నిలువు గీత, జారిన ప్రతిదానికీ ఒక అడ్డగీత. నా కొడుకు కదా అని ఒక్క గీత కూడా మార్చలేదు. చేతి విషయంలో అంత ఖచ్చితమైన మనిషిని నేను చూడలేదు.

నోటి విషయం వేరు. "మీవాడు భలే ఆడుతున్నాడన్నా" అంటే, "వాడి మొహం, పొద్దున్నే లేవమంటే లేవడు" అనేవాడు. దిష్టీ గిష్టీ ఏమీ లేవని చర్చిలో సాక్ష్యం చెప్పే మనిషికి, పిల్లాణ్ణి పొగిడితే ఆయుక్షీణమని లోపల ఒకటే వణుకు. మనవాళ్లంతా అంతే. మన పిల్లల్ని మనం తీసిపారెయ్యాలి, అవతలివాళ్లు "అయ్యో, అవేం మాటలండీ, మీవాడు బంగారం" అనాలి. ఆ రెండో మాట తప్పకుండా వస్తుందన్న ధైర్యంతోనే మొదటి మాట అంటాం.

నవంబరులో టౌరంగాలో టోర్నమెంటు. ఇద్దరు కుర్ర రిసీవర్లకే చోటుంది, ఉన్నది ముగ్గురు. మోసె అనే సమోవా కుర్రాడి పరుగుకి ఎదురులేదు, వాడి చోటు ఖాయం. ఇక లియమా, ఈతనా? శనివారం ప్రాక్టీసయ్యాక క్లబ్బు గదిలో కోచ్ గ్రెగ్, ఆయన అసిస్టెంటు గంటసేపు వాదించుకున్నారు. లియమ్ పొడుగు పనికొస్తుందని గ్రెగ్, ఈతన్ మలుపు తిరిగితే ఎదుటివాళ్లు బోర్లా పడతారని అసిస్టెంటు. చివరికి అన్న పుస్తకం తెరిచారు. నలభై బంతుల్లో ఈతన్ పట్టినవి ముప్ఫై ఒకటి, లియమ్‌వి ముప్ఫై. తెగలేదు.

గ్రెగ్ అన్నవైపు తిరిగాడు. "రాజ్, ప్రతి బంతీ చూసింది నువ్వే. నీ కొడుకు సంగతి నీకంటే ఎవరికి తెలుసు? పెద్ద మ్యాచ్‌లో నిలబడతాడా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అన్న సిగ్గుపడుతూ నవ్వాడు. "మావాడిదేముంది! బద్ధకం, పైగా పిరికి. లియమ్ బుద్ధిమంతుడు, అతన్నే తీసుకోండి" అని ఇంగ్లీషులోనే చెప్పి, నావైపు చూశాడు.

ఆ రెండో మాట అనాల్సినవాణ్ణి నేనే. ఆ గదిలో మన మర్యాద తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. కానీ నా నోటినిండా సాసేజ్. కోచ్‌ల ముందు ఇంగ్లీషు తడబడుతుందేమోనని బెరుకు. వీటన్నిటికీ మించి, నాకెందుకులే అనే నా పాడు గుణం. నవ్వి ఊరుకున్నాను. గ్రెగ్ తలాడించి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇక్కడి తండ్రులు కొడుకు గురించి ఒకటికి పది చెబుతారు. అలాంటిది తండ్రే వద్దంటుంటే ఆయనకి ఇంకేం కావాలి?

గురువారం జాబితా వచ్చింది. ఈతన్ పేరు లేదు. అన్న నాకు ఫోన్ చేశాడు.

"లోకేశూ, అదేంటయ్యా! నేనేదో మాటవరసకి అన్నాను. ఆ మాత్రం తెలీదా వాళ్లకి?"

"తెలీదన్నా."

మరి నువ్వైనా ఒక మాట అనకపోయావా అని ఆయన అడగలేదు. అడిగుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఇద్దరం గ్రెగ్ దగ్గరికి వెళ్లాం. మా దగ్గర అలాగే అంటామని, దానికి అర్థం అది కాదని చెప్పడానికి అన్న నానా తంటాలు పడ్డాడు. గ్రెగ్ ఓపిగ్గా విన్నాడు. లియమ్‌కి మాట ఇచ్చేశానన్నాడు. "సొంత కొడుకని కూడా చూడకుండా నిజం చెప్పిన తండ్రిని ఇన్నాళ్లకి చూశాను" అని భుజం తట్టాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. తిరిగి వచ్చేటప్పుడు అన్న దగ్గర తాళాలు తీసుకుని నేనే డ్రైవ్ చేశాను.

ఇంట్లో ఈతన్ బూట్లకంటిన మట్టి గీక్కుంటున్నాడు. అన్న కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఒరేయ్, తప్పు నాదిరా. నువ్వు లియమ్ కంటే బాగా ఆడతావు. జట్టులో అందరికంటే నువ్వే బాగా ఆడతావు."

పుట్టి పదిహేడేళ్లయ్యాక వాడు తండ్రి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

"ఇట్స్ ఓకే, డాడ్," అన్నాడు. నువ్వేమన్నావో కోచ్ నాకు చెప్పాడని, ప్రతి క్యాచ్ రాసినవాడివి నువ్వే కాబట్టి నీకు తెలిసే ఉంటుందని ఇంగ్లీషులో అన్నాడు. గొంతులో కోపం లేదు. నమ్మేశాడు, అంతే.

"కాదురా, అది ఊరికే అన్నది. ఇప్పుడు చెప్పేది నిజం."

"నో, డాడ్. ఇప్పుడు సెలెక్ట్ అవలేదని చెబుతున్నావ్."

అన్న పుస్తకం తెరిచి వాడి ముందు పెట్టాడు. వాడు చూడలేదు. అన్న నావైపు తిరిగాడు. ఈసారి నేను ఆగలేదు.

"మీ నాన్న చెప్పేది నిజంరా ఈతన్. నీ ఆటంతా వీడియో తీసింది నేనే కదా. నీ అంత రిసీవరు ఈ క్లబ్బులో లేడు."

వాడు బూటు పక్కన పెట్టి తలెత్తాడు. తెలుగు అర్థమైనా ఎప్పుడూ మాట్లాడడు. ఆ సాయంత్రం మాత్రం ఒక్కో మాటా కూడబలుక్కుని తెలుగులోనే అడిగాడు.

"అంకుల్, డాడ్ అలా చెప్పినప్పుడు... మీరు అక్కడే ఉన్నారా?"

"ఉన్నాను," అన్నాను.