ఆకు లేని భంగు

మా తాత అమరప్ప తన వయసంతా దేవసూగూరు బయట ఉన్న ఒక చిన్న మఠంలో భంగు నూరాడు. పూజారి కాదు, సాధువూ కాదు. పగలు పొలంలో కూలి, సోమవారం సాయంత్రం తత్వాలు పాడేవాళ్లు మఠంలో చేరితే రోలు దగ్గర మహారాజు. ఇంట్లో పచ్చడి నూరమంటే మాత్రం నడుము పట్టేసేది.

ఆయనకు ఒక పద్ధతి ఉంది. పచ్చి గంజాయి ఆకు నమిలితే గడ్డి నమిలినట్టే. మత్తు పుట్టాలంటే ముందు వేడి తగలాలి. ఆ మత్తు నీళ్లలో కరగదు, పాలలోని వెన్నలో కరుగుతుంది. వేడికి ఆకు వాసన చాలావరకు ఎగిరిపోతుంది కాబట్టి చివర్లో మిరియాలు, మామిడి తొక్క, నిమ్మతొక్క దంచి కలిపేవాడు. ఎందుకని అడిగితే గురువు చెప్పాడు అంటాడు. పీయూసీలో కెమిస్ట్రీ తప్పిన నాకు కూడా ఇంతవరకు తెలుసు: గంజాయి వాసన టెర్పీన్లనే నూనెలది. అవే టెర్పీన్లు కొన్ని మిరియంలో, మామిడిలో, నిమ్మలో ఉంటాయి. మత్తు టీహెచ్‌సీది. అది గంజాయిలోనే ఉంటుంది, మిరియాలు బస్తాడు నూరినా దొరకదు.

కిందటేడు పోలీసులు వచ్చి హెచ్చరించాక మఠం పెద్దలు ఆకు మానేశారు. తాత మిగిలిన ఆకంతా కృష్ణా నదిలో కలిపి వచ్చాడు. చేపలు తత్వాలు పాడతాయేమో అన్నాను, తిట్టాడు. ఆకు పోయాక మనుషులూ పోయారు. వలయంగా కూర్చుని పాడే వాళ్లంతా ఎవరి ఇంట్లో వాళ్లు టీవీ ముందు చేరారు. తాత సోమవారాలు మఠం అరుగు మీద ఒక్కడే కూర్చునేవాడు. నేనున్నాను కదా అంటే, నువ్వు ఫోన్‌తో ఉన్నావు అన్నాడు. నిజమే.

ఒక్క కేశవులు తాత మాత్రం రావడం మానలేదు. రాయచూరు బజారులో కిరాణా కొట్టు ఆయనది. వచ్చాడు కదా అని తాత పాలు కాచి, అలవాటుగా మిరియాలు, తొక్కలు దంచి కలిపి ఇచ్చాడు. కేశవులు తాత వాసన చూశాడు, తాగాడు, కాసేపటికి కళ్లు మూసి పాట ఎత్తుకున్నాడు. నాకోసం ఆకు దాచిపెట్టావు కదా అని నవ్వాడు. ముక్కు చెప్పింది తల నమ్మేసింది. మా తాత కూడా నవ్వాడు, అంతే. ఔననలేదు, కాదనలేదు. ఆ నవ్వుతో ఏడాది సోమవారాలు గడిచాయి.

మొన్న వేసవిలో కేశవులు తాత ఖాళీ సీసాతో వచ్చాడు. ఆయన భార్య సౌభాగ్యలక్ష్మికి క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది.

"ఆస్పత్రి గోలీలు కడుపుల పడ్తలేవంటది. అవి బంద్ చేసి నీది తాగిపిస్త. గీ సీసాల పొయ్యి, అమరప్పా" అన్నాడు.

తాత సీసా అందుకుని చాలాసేపు దాని మూత తిప్పుతూ కూర్చున్నాడు. పోసి ఇస్తే వచ్చే సోమవారం మనిషి వస్తాడు. నిజం చెబితే రాకపోవచ్చు.

"దీంట్ల ఆకు లేదు, కేశవులూ. ఏడాది సంది లేదు."

"మరి నాకు ఎక్కుతది గదా?"

"నువ్వు నవ్వనీకె వస్తవు, నవ్వుతవు. ఆమెది నొప్పి. గోలీలు ఆపకు. కడుపుల పడకుంటే డాక్టర్‌కు చెప్పు, వేరేవి ఇస్తడు."

కేశవులు తాత తాగుతున్న పాల గ్లాసు సగంలోనే దించాడు. "నన్ను పిచ్చోన్ని చేసినవు గదా" అని మెల్లగా అని, సీసా తీసుకుని బస్సుకు నడిచాడు. తాత ఆపలేదు.

ఆ తరవాతి సోమవారాల్లో ఆయన రాలేదు. ఒకసారి నా ఫోన్‌కు చేశాడు. డాక్టర్ మందు మార్చాడట, ఆమె రాత్రి కాస్త నిద్రపోతోందట, ఆ సంగతి మీ తాతకు చెప్పమన్నాడు. ఫోన్ ఇస్తానంటే కొట్లో గిరాకీ ఉందని పెట్టేశాడు. చెప్పాను. తాత అంతా విని, వస్తానన్నాడా అని అడిగాడు. ఆ మాట రాలేదని చెప్పాను.

ఆ సాయంత్రం గిన్నెలో ఒక్క మనిషికి సరిపడా పాలు పోసి పొయ్యి మీద పెట్టాడు. నేను ఇంకో గ్లాసెడు పోశాను. ఇద్దరం అరుగు మీద కూర్చుని తాగాం. నిమ్మతొక్క ఎక్కువైందని వంక పెట్టాను.

"కేశవులుకు గట్లనే కావాలె" అన్నాడు.