జోసయా మామ పైపు

సముద్రం మధ్య దీవి మీది స్కిడిగేట్ ఊళ్లో ఆల్మా వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. కొండ మీది నల్లరాయిని వీపున మోసుకొచ్చి, ఎండకు పగలకుండా తడిగోనెలో పసిపిల్లలా పడుకోబెట్టి, వంటగది బల్ల మీదే చెక్కేది. ఆ పొడి పడిన రొట్టెలే మొగుడు జీవితమంతా తిన్నాడు. చివరికి రాయిలాగే మాట్లాడటం మానేశాడు.

ఆమె చేతి పనితనం అమ్మమ్మ మేనమామ జోసయాదని ఆమె కాకి వంశం వాళ్లు మురిసిపోయేవారు. ఓడ కెప్టెన్లకు పైపులు చెక్కి అమ్మిన మనిషాయన. గద్ద వంశపు ఆడపడుచు విన్నీకి మాత్రం ఏ విందులోనైనా ఒకటే పాట.

"బొమ్మలు బాగానే చెక్కాడులే వదినా! పొగ పోయే బెజ్జం పెట్టే ఓపికే లేదు పాపం."

ఆ వేసవిలో పట్నం మ్యూజియం ఆయన పైపునొకదాన్ని కొన్నాళ్లు ఉంచుకోమని ఊరికి పంపింది. పెట్టె తెరిచేచోట విన్నీ అందరికంటే ముందు కూర్చుంది. ఎదుటి వంశం ముందు పరువు పోతే వాళ్లకే విందు పెట్టి కడుక్కోవాలి. ఊళ్లో పద్ధతి అది.

పైపు బయటికొచ్చింది. వానలో తడిసిన రాత్రిలా నల్లటి నిగనిగ. దాని మీద టోపీ కెప్టెన్, చదును చేప మొహంతో. వెనక కుక్కొకటి అతని లాగు పీకుతోంది.

ఆల్మా దాన్ని నోటి దగ్గరికి తెచ్చింది.

"అయ్యో, వద్దమ్మా! పురుగుల మందు కొట్టి ఉంటారు," అని అరిచి, మ్యూజియం అమ్మాయి దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి అందించింది.

ఆల్మా దాన్ని పైపు కొసకి ఆనించి నొక్కింది. గాలి అవతలి కొసకి రాలేదు.

"చెప్పానా!" విన్నీ తొడ చరిచింది.

ఆల్మా రెండు వైపుల నుంచీ సన్నటి పుల్లలు దోపింది. రెండూ లోతుగానే వెళ్లాయి. ఎంత లోతు వెళ్లాయో పైపు పక్కన పెట్టి కొలిస్తే ఒకదాన్నొకటి దాటిపోయాయి. మామ రెండు కొసల నుంచీ తొలిచాడు. మధ్యలో గురి తప్పాడు, రెండు బెజ్జాలూ కలవలేదు. ఇంట్లో మంచం కింద తను చెక్కుతూ చెడగొట్టి దాచిన రాళ్లన్నీ ఆమె కళ్ల ముందు మెదిలాయి. ఎందుకో గుండె తేలికైంది.

పద్ధతి ప్రకారం ఆల్మా గద్దలకు విందు పెట్టింది. సముద్రపాచి మీది చేపగుడ్లు గద్దల ఆకలికి తగ్గట్టు వడ్డించి, విన్నీ నోరు తెరవకముందే తనే లేచింది.

"మా మామ గురి తప్పాడు. తప్పిందని తెలిసే అమ్మాడు. ఆ కెప్టెన్ పొగాకు దట్టించి, నిప్పెట్టి, సముద్రం పొడుగునా పీల్చి ఉంటాడు. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు బయటికొచ్చి, రేవు చేరేసరికి అచ్చం ఆ చేప మొహమే!"

విన్నీ ముక్కులోంచి టీ చిమ్మింది.

"చంపావు వదినా," అంది, కళ్లు తుడుచుకుంటూ. "ఇంకొంచెం గుడ్లు వెయ్యి."