ఖాట్మండు విమానంలో రెండో వరుస

1996 డిసెంబరు. ఢిల్లీలో పొగమంచు కాలం. అంతర్జాతీయ విమానాశ్రయంలో ఒక విమాన సంస్థకు నేను గేట్ సూపర్‌వైజర్‌ని. ప్రయాణికులు ఎక్కడం మొదలైన దగ్గర్నుంచి విమానం తలుపు మూసేదాకా పుట్టే ప్రతి తగాదా తీర్చడం ఆ ఉద్యోగం. కిటికీ సీటు ఇవ్వలేదనీ, సంచి పెట్టుకోనివ్వలేదనీ, పక్కవాడు గురక పెడుతున్నాడనీ పోట్లాడే మనుషుల్ని చాలామందిని చూశాను. ఇక నన్ను నిర్ఘాంతపరిచేది ఏదీ మిగల్లేదనుకునేవాణ్ణి. ఆ ఉదయం రెండో వరుస దగ్గర నిలబడి విన్న ఒక్క మాటతో ఆ ధీమా పోయింది.

ముందు సలోమి గురించి చెప్పాలి. నరసాపురం వైపు మనిషి, ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. లేవలేని రోగుల్ని ఆపరేషన్‌కు లండన్ పంపాల్సి వస్తే ఆసుపత్రి ఆమెను తోడు పంపేది. దాన్ని మేము స్ట్రెచర్ కేసు అంటాం. ఎకానమీ క్లాసు చివర కొన్ని సీట్లు మడిచి, వాటి మీద స్ట్రెచర్ బిగించి, చుట్టూ తెర కడతారు. సెలైన్ మార్చడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, తీయడం అంతా ఆ తెర లోపలే, ఆకాశంలోనే.

"అన్నయ్యా, బిజినెస్ క్లాసులో అన్నం పెట్టేముందు తెల్లగుడ్డ పరుస్తారట, నిజమేనా?" అని ఓసారి అడిగింది.

"నిజమే సిస్టర్."

"నేనూ పరుస్తాను తెల్లగుడ్డ. కాకపోతే రోగి కింద పరుస్తాను" అని పకపకా నవ్వింది.

తరచూ ప్రయాణించేవారికి ఎగిరిన దూరాన్ని మైళ్ళ లెక్కన జమకట్టి, కొంత పోగయ్యాక ఉచితంగా టికెట్ ఇచ్చే పథకం మా సంస్థ అంతకు మూడేళ్ళ ముందు మొదలుపెట్టింది. ఆ టికెట్‌ను అవార్డ్ టికెట్ అంటాం. ఇందులో చాలామందికి తెలియని నియమం ఒకటుంది. టికెట్ డబ్బు ఎవరు కట్టినా, మైళ్ళు మాత్రం సీట్లో కూర్చున్న మనిషివే. సలోమికి కార్డు నేనే చేయించాను. రోగుల పక్కన మేలుకుని కూర్చున్న ప్రయాణాలన్నీ కలిసి చివరికి ఒక బిజినెస్ క్లాసు టికెట్ అయ్యాయి. అది కూడా మా విమానాలు వెళ్ళే అతి దగ్గరి విదేశానికి, ఖాట్మండుకి.

వాళ్ళమ్మ మరియమ్మగారు మిషన్ ఆసుపత్రిలో జీవితమంతా ఆయాగా చేసిన మనిషి. ఆమెకు మంచు కొండలు చూడాలని కోరిక. మైళ్ళు ఒకరికే సరిపోయాయి కాబట్టి అమ్మకు ఎకానమీలో టికెట్ కొంది. ముందు సీట్లో నువ్వే కూర్చోమని కూతురు బతిమాలితే ఆ తల్లి, "నువ్వు కష్టపడింది నువ్వు తిను. నేను వెనక కూర్చుంటే కొండలు కనపడవా ఏం?" అందట.

ఆ ఉదయం అందరూ ఎక్కాక, తలుపు మూసే ముందు, లోపలి నుంచి పిలుపు వచ్చింది. బిజినెస్ క్లాసులో ఒకాయన కూర్చోవడం లేదు. వెళ్ళి చూస్తే మూర్తిగారు! ఢిల్లీ జనక్‌పురిలో ఉండే తెలుగాయన, ఒక ప్రభుత్వ సంస్థలో పెద్ద ఇంజనీరు. రెండేళ్ళ కిందట ఆయన తండ్రిని లండన్ తీసుకువెళ్ళి తీసుకొచ్చింది సలోమే. ఆ స్ట్రెచర్ దించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఈ మూర్తిగారు ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మీరు మా ఇంటి ఆడపడుచమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ పెద్దాయన తర్వాత కొన్నాళ్ళకు పోయారు.

ఇప్పుడు సలోమి రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. పక్క సీటు మూర్తిగారిది. ఆయన నడవలో నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే పక్కకు తీసుకువెళ్ళి గొంతు తగ్గించారు.

"మీరు తెలుగువారు, అర్థం చేసుకుంటారు. సిస్టర్ అంటే నాకెంతో గౌరవం. కానీ నాన్నగారి కర్మ కోసం పశుపతినాథుడి దగ్గరికి వెళ్తున్నాను. ఉపవాసం ఉన్నాను, మడి బట్టలు కట్టుకున్నాను. ఆవిడ పక్కన... మీకు తెలియనిదేముంది. ఆవిణ్ణి వెనక ఎక్కడైనా సర్దండి."

"ఎందుకు సర్దాలి?"

"ఎలాగూ ఆవిడది ఫ్రీ టికెట్టేగా, ఇందాక ఆవిడే చెప్పారు."

"మీదీ అవార్డ్ టికెట్టే మూర్తిగారూ. మీ ఆఫీసు ప్రయాణాల మైళ్ళతో తీసుకున్నదే."

ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. ముందూ వెనకా వరుసల వాళ్ళను సీటు మారతారేమోనని అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఈలోపు వాకీటాకీలో డ్యూటీ మేనేజర్ ఖన్నా అందుకున్నాడు. "అరే యార్, పొగమంచు మళ్ళీ దిగుతోంది. లేడీని వెనక్కి పంపెయ్, మైళ్ళు తిరిగి జమచేద్దాం, బాత్ ఖతమ్."

నాకు ఒళ్ళు మండింది. మా నాన్న నన్ను చిన్నప్పుడే కుల నిర్మూలన సభలకు తీసుకువెళ్ళేవాడు. వాదనకు దిగితే అవతలివాణ్ణి మాట్లాడనివ్వకుండా చేయడం అక్కడే నేర్చుకున్నాను. విద్య మర్చిపోలేదు.

"మూర్తిగారూ, మీరు కూర్చోబోయే సీటు ఎవరు తుడిచారో తెలుసా? రాత్రి దానిమీద ఎవరు నిద్రపోయారో తెలుసా? రెండేళ్ళ కిందట ఈమె చేతులే పట్టుకున్నారు కదా, అప్పుడేమైంది మీ మడి?"

"అప్పుడు ఆపద. ఆపదలో అంటు లేదు. శాస్త్రమే చెప్పింది."

"అంటే మీకు అవసరమైనప్పుడు శాస్త్రానికి సెలవు. అవసరం తీరాక మళ్ళీ డ్యూటీ!"

"అన్నయ్యా, చాలు" అంది సలోమి. మేం గొంతు తగ్గించి మాట్లాడుతున్నామనుకున్నాం గానీ ఆమెకు అంతా వినబడుతూనే ఉంది. ఆమె మూర్తిగారి వైపు తిరిగింది. "మీ నాన్నగారు నన్ను తాకొద్దని ఒక్కసారీ అనలేదండీ. తిరుగు ప్రయాణమంతా నా చెయ్యి పట్టుకునే పడుకున్నారు. వదిలిస్తే మెలకువ వచ్చేది."

మూర్తిగారి కళ్ళు తడిశాయి. మనిషి కరిగాడనుకున్నాను. ఆయన చాలా మెత్తగా, నచ్చజెప్పేవాడిలా అన్నారు:

"అదేనమ్మా నా బాధ. నాన్నగారు ఎంతో నిష్ఠాపరులు. చివరి రోజుల్లో సముద్రం దాటారు, ఎవరెవరి చేతుల మీదనో ఉన్నారు. ఆ దోషం పోతే గాని ఆయనకు సద్గతి లేదన్నారు పురోహితులు. ఆ శుద్ధి చేయించడానికే ఇప్పుడు వెళ్తున్నాను. మీమీద నాకు కోపమేమీ లేదు."

ఏ సభలోనూ ఇలాంటి వాక్యం వినలేదు. తన తండ్రిని బతికించి తెచ్చిన చేతుల్ని, ఆ తండ్రికి పట్టిన మకిలిలా కడిగేయడానికి ఈ మనిషి విమానమెక్కాడు. ఆ సంగతిని ఆ చేతులున్న మనిషికే కన్నీళ్ళతో చెబుతున్నాడు. తిట్టినా బాగుండేది. తిట్టుకు జవాబుంటుంది. ఈ మర్యాదకు ఏం జవాబు చెప్పాలి?

సలోమి కాసేపు ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసుకుంది. తర్వాత సీటు బెల్టు బిగించుకుంది.

"నేను లేవనండీ. ఇది నేను సంపాదించుకున్న సీటు. ఇందులో మీ నాన్నగారి దగ్గర కూర్చున్న రెండు ప్రయాణాలు కూడా ఉన్నాయి. మీకు కుదరకపోతే మీరే వెనక్కి వెళ్ళండి."

మూర్తిగారు నావైపు చూశారు. వాకీటాకీలో ఖన్నాకు చెప్పాను: "లేడీ లేవదు. లేపాలంటే నువ్వొచ్చి లేపు. నేను లేపను." అటునుంచి ఒక బూతు, ఆ తర్వాత "ఠీక్ హై, జల్దీ కరో" అని తొందరపెట్టే మాట వినిపించాయి.

మూర్తిగారు తానే వెనక్కి వెళ్తానన్నారు. కానీ ఎకానమీ నిండిపోయింది. మూర్తిగారు వెనక్కి వెళ్ళాలంటే అక్కడి నుంచి ఒకరు ముందుకు రావాలి. టికెట్ తక్కువ క్లాసుదైనా పై క్లాసులో కూర్చోబెట్టడాన్ని అప్‌గ్రేడ్ అంటాం. తలుపు దగ్గర అది ఎవరికివ్వాలో తేల్చేది గేట్ సూపర్‌వైజరే. నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది. నేను వెనక్కి బయల్దేరుతుంటే సలోమి నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మకి ఇదేమీ తెలియకూడదు అన్నయ్యా. నా మీద ఒట్టు."

మరియమ్మగారు దుప్పటి మోకాళ్ళ మీద కప్పుకుని వణుకుతూ కూర్చున్నారు. "పెద్దమ్మా, ముందు సీటొకటి ఖాళీ అవుతోంది. మీ అమ్మాయి పక్కనే. రండి" అన్నాను.

"ఎవరన్నా లేచారా నాయనా నాకోసం?"

ఒట్టు గుర్తొచ్చింది. "ఒకాయన లేచారు" అన్నాను. అబద్ధం కాదు కదా.

ఇరుకు నడవలో వాళ్ళిద్దరూ ఎదురయ్యారు. ఆమె పెద్దముసలిది, తెల్లచీర, తెలుగు మాట. మూర్తిగారికి ఆమె ఎవరో తెలియదు. మరియమ్మగారు ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని, "చల్లగా ఉండు నాయనా, ముసలిదానికి చోటిచ్చావు" అన్నారు. మూర్తిగారు చేతులు వెనక్కి తీసుకోలేదు. ఇంటి పెద్దావిడ దీవిస్తే వంగినట్టు తల వంచి, "అంత మాటెందుకమ్మా" అన్నారు. ఆ తర్వాత వెళ్ళి ఆమె లేచిన సీట్లో కూర్చున్నారు. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళెవరని అడగలేదు. చలిగా ఉందేమో, ఆమె వదిలేసి వచ్చిన దుప్పటి తీసి కాళ్ళ మీద కప్పుకున్నారు.

నోటిదాకా వచ్చింది. ఒక్క మాట, 'ఆమె ఎవరో తెలుసా?' అంటే చాలు. నా జీవితంలో అంతకంటే గొప్పగా గెలిచే వాదం మళ్ళీ రాదు. ముందు, సలోమి తనకిచ్చిన కిటికీ సీట్లో మరియమ్మగారు అద్దానికి ముఖం ఆనించి, ఇంకా నేల మీదున్న విమానంలోంచే కొండలు వెతుకుతున్నారు. నేను దిగిపోయాను. తలుపు మూసేశారు.

అంటు అజ్ఞానం వల్ల పుడుతుందనీ, తెలివి వస్తే పోతుందనీ అప్పటిదాకా సభల్లో చెబుతూ వచ్చాను. ఆ రోజు చూసింది దానికి తలకిందులు. తెలియని చేతులు ఆయనకు దీవెన, తెలిసిన చేతులు దోషం. అంటు చేతికీ లేదు, దుప్పటికీ లేదు. వీళ్ళు ఫలానా అని నేర్పిన చదువులో ఉంది. చదువుకున్నవాడే దాన్ని ఎక్కువ శ్రద్ధగా మోస్తాడు. అందుకే ఇప్పుడు దాన్ని నేను మూఢత్వం అనను. మూఢత్వమంటే తెలియనితనం. ఇది తెలిసి చేసే పని.

తిరిగొచ్చాక సలోమిని అడిగాను. "తెల్లగుడ్డ పరిచారా?"

"పరిచారన్నయ్యా. అమ్మ దాన్ని నలగనివ్వకుండా మడతపెట్టి తిరిగిచ్చేసింది" అని నవ్వింది. మళ్ళీ తనే అంది: "కొండలు కనపడ్డాక కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఎవరికోసమంటే, సీటిచ్చిన ఆ బాబు కోసమట. ఇంట్లో రోజూ చేస్తూనే ఉంది. పేరు తెలిస్తే బాగుండునంటోంది. ఏం చెప్పమంటావు?"